బైపాస్ మూడు దినాలు

ఫ్లైఓవర్ కిందికి రాగానే భారతమ్మ చెప్పించుకోకుండానే ఇండికేటర్ వేసి, సెకండ్ గేరులోకి మార్చింది. పది క్లాసులుగా అక్కడే బండి వెనక్కి తిప్పుతోంది గనుక చేతులకు అలవాటైపోయింది. ఎడమ సీట్లో కూర్చున్న లోహిత తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, అద్దంలో వెనక వస్తున్న ఆటోను చూసుకుంటోంది. డ్రైవింగ్ స్కూలు బండి అది. నేర్చుకునేవాళ్ళకొక బ్రేకు, నేర్పేవాళ్ళకొక బ్రేకు.

ఎదురుగా మామిడికాయల లారీలు వరసగా వస్తున్నాయి. తోతాపురి దిగే రోజులు. సందు కోసం ఆగి ఉండగా వాళ్ళ స్కూలుదే ఇంకో కారు వాళ్ళను దాటుకుని, నేరుగా పోయి బైపాస్ ఎక్కింది. స్టీరింగ్ ముందు గడ్డం పెంచుకున్న కుర్రవాడు. పక్కన ఆ బండిలో నేర్పే మునిప్రసాద్, కిటికీలోంచి మోచెయ్యి బయటికి పెట్టుకుని.

"ఆయబ్బి నేను చేరిన దినమే చేరినాడు," అనింది భారతమ్మ. "యాడికి పోతా ఉండాడు?"

"బైపాస్‌కి."

"మనమెప్పుడు పోయేది?"

ఈ ప్రశ్నకు లోహిత దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఇప్పుడు లారీలెక్కువ అనో, ముందు చెయ్యి కుదరనీ అనో, లైసెన్సు టెస్టుకు గ్రౌండే ముఖ్యమనో. ఆరేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళకు చెప్పిందో ఆమెకే తెలియదు. ఈసారి ఆమె అది ఎత్తుకునేలోపే భారతమ్మ హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒళ్ళోని సంచిలోంచి స్కూలు వాళ్ళిచ్చిన పచ్చ కార్డు తీసి స్టీరింగ్ మీద పెట్టింది.

"పదైదు క్లాసులు. దాంట్లో బైపాస్ మూడు దినాలు. నాకు సదువు తక్కువే గానీ ఇది నాలుగుసార్లు సదువుకున్యా."

వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. భారతమ్మ తొందరపడలేదు. ఆమెకు పలమనేరులో ఎనిమిది ఆవులున్నాయి. పాలు కోవా చేసి చిత్తూరులో మిఠాయి అంగళ్ళకు వేస్తుంది. ఇంటి వ్యానుకు డ్రైవరు రాని రోజు కోవా గంపలతో బస్సెక్కుతుంది. ఆ గంపలు దించిన రోజుల్లోనే క్లాసుకు వస్తుంది.

"నేను తోలాల్సింది ఆ రోడ్డు మీదనే అమ్మణ్ణీ," అనింది. "గ్రౌండులో నా కోవా ఎవురు కొంటారు?"

ఆ మాటకు లోహితకు నవ్వు రావలసింది. రాలేదు. బండి తిప్పించి వెనక్కి తెచ్చింది.

స్కూలు యజమాని చెంగల్రాయుడు ఆఫీసు గదిలో బల్ల తుడుచుకుంటున్నాడు. లోహిత కూర్చోకుండానే భారతమ్మ సంగతి చెప్పింది. అతను చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. విన్నాడు, తల ఊపాడు. ఆడవాళ్ళకు కావలసింది లైసెన్సు కార్డే గానీ రోడ్డు కాదన్నాడు. నూటికి తొంభై మంది నేర్చుకుని ఇంట్లో కూర్చుంటారని, బైపాస్ మీద ఏమైనా జరిగితే పోయేది తన పేరని అన్నాడు. కార్డు మీద ఉన్న మాట అడిగితే, అది అందరికీ ఒకే అచ్చు అన్నాడు.

తర్వాత గుడ్డ పక్కన పెట్టి, నిదానంగా, దాదాపు ప్రేమగా అడిగాడు.

"నువ్వే ఎన్నడన్నా బైపాస్ మీద ఎనభై దాటి తోలినావా లోహితా?"

ఆమె తోలలేదు. పొద్దున్నే బంగారుపాళ్యంలో బస్సెక్కి వస్తుంది, సాయంత్రం బస్సెక్కి పోతుంది. మధ్యలో రోజంతా ఇరవై, ముప్పై మీద. చెంగల్రాయుడు అంతలోనే తన బామ్మర్ది దగ్గరున్న చిన్న ఆటోమేటిక్ కారు సంగతి ఎత్తాడు. గేర్లు మార్చే పని లేదు, తెల్లగా, బుజ్జిగా ఉంటుంది, ఆడవాళ్ళకు సరిపోయే బండి, కంతుల మీద ఇప్పిస్తానన్నాడు.

ఆ సాయంత్రం లోహిత బస్టాండుకు పోలేదు. మురకంబట్టు దగ్గరున్న మెకానిక్ బాలచంద్ర షెడ్డుకు నడిచింది.

*

స్కూలు బండ్లన్నీ రిపేరుకు బాలచంద్ర దగ్గరికే వస్తాయి. రెండు మూడు నెలలకొకసారి అతను తన పాత కారు వేసుకుని శ్రీపెరుంబుదూరు దగ్గర రేసుల కోసం కట్టిన ట్రాక్‌కి పోతాడు. పందెం కాదు. ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఎదురు బండి, పశువు, స్పీడ్‌బ్రేకరు ఏమీ లేని రోడ్డు మీద సొంత బండి ఎంత పోగలదో చూసుకునే రోజు. ఒకసారి ఫోనులో వీడియో చూపిస్తే లోహిత అక్కడే నిలబడి మూడుసార్లు చూసింది. బండి కొంటే అలాంటి రోడ్డు మీద తిరిగే బండే కొంటానని అప్పుడే అనింది. బాలచంద్ర అది మాటవరసకు అనుకున్నాడు.

"ఈ ఆదివారం బండ్లు సూద్దామన్నా," అనింది ఇప్పుడు. "రోజూ బంగారుపాళ్యం నుంచి వచ్చేదానికి, ట్రాక్‌లో తోలేదానికి ఒకటే బండి. రెండు లక్షలు దాటకూడదు."

బాలచంద్ర చేతుల గ్రీజు తుడుచుకుంటూ లెక్క వేశాడు. ఆ రేటుకు పాతదే వస్తుంది. పాతది గనుక చెడిపోతుంది. చెడిపోతుంది గనుక స్పేర్లు చిత్తూరులోనే దొరకాలి. బరువు తక్కువుండాలి, ఇంజిను పెట్రోలుదై ఉండాలి. వీటన్నిటికీ కుదిరే బండి చూడ్డానికి బాగుండదని ముందే హెచ్చరించాడు.

అయినా ఆదివారం పొద్దున అతనే ఆమెను పలమనేరుకు తీసుకుపోయాడు, చూడ్డానికి బాగున్న బండి దగ్గరికి. ఎర్ర సెడాన్. వెడల్పు టైర్లు, కిందికి దించిన స్ప్రింగులు, డిక్కీ మీద రెక్క. యజమాని మునికుమార్ అనే టైల్స్ వ్యాపారి. తాళం తిప్పగానే సైలెన్సరు పక్కింటి కిటికీలు అదిరేలా గర్జించింది. బాలచంద్ర మొహం వెలిగిపోయింది.

మునికుమార్ తాళం బాలచంద్ర చేతికిచ్చాడు. ఎంత మైలేజీ, ఎంత పికప్, చెప్పేదంతా బాలచంద్రకే చెప్పాడు. కొనేది ఆమె అని బాలచంద్ర రెండుసార్లు అన్నా, "మేడంకి ఏసీ బాగుంటాది," అని మాత్రం లోహితతో అని మళ్ళీ అతనివైపు తిరిగాడు. లోహిత బాలచంద్ర చేతిలోంచి తాళం తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. వాళ్ళిద్దరూ కూడా ఎక్కారు.

మొగిలి ఘాటు వైపు పోయే రోడ్డు మీద, ఖాళీ చూసుకుని, ఆమె స్టీరింగ్ మీద వేళ్ళు ఒక్క క్షణం వదిలింది. బండి మెల్లగా ఎడమవైపు ఒరిగింది. మళ్ళీ పట్టుకుని, మళ్ళీ వదిలింది. మళ్ళీ ఎడమవైపే. పక్కకు ఆపి దిగి, ముందు టైరు లోపలి అంచును అరచేత్తో తడిమింది. బయటి అంచు కొత్తగా ఉంది, లోపల నున్నగా అరిగిపోయి తీగ తేలుతోంది. బానెట్‌కూ పక్క రేకుకూ మధ్య సందులో వేలు పెట్టింది. కుడి పక్క వేలు దూరింది, ఎడమ పక్క గోరు కూడా దూరలేదు.

"ముందర కొట్టించుకున్యారు గదా?" అని మునికుమార్‌ని అడిగింది.

అతను బాలచంద్ర వైపు చూసి, బంపరుకు చిన్న దెబ్బ తగిలిందన్నాడు. తిరిగి వస్తుంటే ఊరి మొదట్లో స్పీడ్‌బ్రేకరు మీద బండి పొట్ట పరపరా గీసుకుంది. బంగారుపాళ్యం నుంచి చిత్తూరుకు అలాంటివి ఎన్ని ఉన్నాయో లోహితకు బస్సు కిటికీలోంచి కంఠతా వచ్చు. తాళం మునికుమార్ చేతిలో పెట్టి, తనకు వద్దని ఆమే చెప్పింది. బాలచంద్ర ఘాటు దిగేదాకా ఆ గర్జన గురించే చెప్పాడు. ఆ ఇంజిను మీద అతనికి మనసు పోయింది. బంగారుపాళ్యం దాటాక మాత్రం, ఆ టైరు లోపల తాను చూడలేదని ఒప్పుకున్నాడు.

తిరుపతిలో, తిరుచానూరు రోడ్డులో చూసిన రెండో బండి తెల్లని స్విఫ్ట్. ఎండకు పైన రంగు వెలిసి సున్నం కొట్టినట్టుంది. సీట్లకు పూల గుడ్డ తొడుగులు. పదిహేడేళ్ళ బండి, ఒకే యజమాని, రిజిస్ట్రేషను ఇంకో ఐదేళ్ళకు రెన్యూవల్ చేయించి ఉంది. యజమాని పంకజాక్షి మహిళా కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్ళ ఆపరేషను తర్వాత క్లచ్ తొక్కలేక అమ్ముతోంది.

ఆమె బండి చూపించకముందే ప్రశ్న వేసింది. ఎందుకు కొంటున్నారు? అంతకుముందు ముగ్గురు కుర్రవాళ్ళు వచ్చారట, సైలెన్సరు మారుస్తాం, స్పీకర్లు పెడతాం అన్నారట, గేటు దగ్గరినుంచే పంపేసింది. బాలచంద్ర లోహితకు కనుసైగ చేశాడు. ఆఫీసుకు పోయి రావడానికి అని చెప్పమని. లోహిత అదే చెప్పబోయింది. కానీ పొద్దునంతా మునికుమార్ దగ్గర నోరు మూసుకున్న చిరాకు ఇంకా గొంతులోనే ఉంది.

"రోజూ పనికి పోయేదానికి మేడం. రెండు నెల్లకోసారి ట్రాక్‌లో తోలేదానికి. అరిగిపోయేట్టు తోలతాను. అబద్ధమెందుకు చెప్పాల."

పంకజాక్షి కళ్ళజోడు సర్దుకుని ఆమెను పైనుంచి కిందికి చూసింది. ట్రాక్ అంటే ఏమిటో అడిగి వివరంగా తెలుసుకుంది. తర్వాత లోపలికి పోయి తాళంతో వచ్చి, చేతికర్ర వెనక సీట్లో పడేసి, తాను ముందు సీట్లో కూర్చుంది.

"కరకంబాడి రోడ్డుకు పోనీ," అనింది. "ఇంటికి, కాలేజీకి, మార్కెట్టుకు తప్ప దీన్ని ఎక్కడికీ తిప్పలేదు నేను. మూడో గేరులో ఎంత పోతుందో చూడాలని పదిహేడేళ్ళుగా ఉంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

రోడ్డు ఖాళీగా ఉన్న చోట లోహిత మూడో గేరు వేసి తొక్కింది. ఇంజిను ముందు గొణిగి, తర్వాత ఒక్కసారిగా గొంతు విప్పుకుని పైకి లేచింది. స్టీరింగ్ చేతిలో నిటారుగా నిలబడింది. వేళ్ళు వదిలితే ఎటూ పోలేదు. వెనక బాలచంద్ర ఇంజిను శబ్దానికి చెవి ఒగ్గి, తల ఊపాడు. పంకజాక్షి రెండు చేతులా సీటు అంచు పట్టుకుని, పెదవులు బిగించి, కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని కూర్చుంది. వెనక్కి వచ్చాక బేరంలో ఒక్క రూపాయి తగ్గించలేదు. పూల తొడుగులు మాత్రం తీసి ఇంట్లో పెట్టుకుంది.

*

లోహిత తల్లి తిరుమలమ్మ బండి చుట్టూ తిరిగి చూసి, ఇంత పాతది ఎందుకు తెచ్చావని, మంచిగా ఆ తెల్ల ఆటోమేటిక్ ఉండగా అని సణిగింది. లోహిత సోమవారం భారతమ్మ క్లాసులో ఫ్లైఓవర్ కింద మళ్ళీ బండి తిప్పించింది. భారతమ్మ ఈసారి ఏమీ అడగలేదు. అడగకపోవడం లోహితకు రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ వారం రోజూ పని అయ్యాక చీకటి పడేదాకా షెడ్డులోనే ఉంది. ముందు ఆగేదానికి ఖర్చు పెట్టాలి, పరిగెత్తేదానికి తర్వాత, అన్నాడు బాలచంద్ర. వెనక సీటు పీకేశారు. ముందు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు మార్చారు. పాత బ్రేకు ఆయిలు టీ డికాక్షను రంగులో ఉంది. దాన్ని పూర్తిగా తీసి కొత్తది నింపాలి. లోహిత లోపల కూర్చుని పెడలు మూడుసార్లు కొట్టి నొక్కిపట్టుకోవాలి. బాలచంద్ర కింద పడుకుని చక్రం వెనక మర వదులు చేయాలి. సన్నని గొట్టంలోంచి ఆయిలు, గాలి బుడగలు సీసాలోకి రావాలి. అతను మర బిగించి "ఊ" అన్నాకే ఆమె కాలు తీయాలి. నాలుగు చక్రాలకు అట్లా ఎన్నిసార్లు చేశారో. చివరికి పెడలు ఆమె పాదం కింద గట్టి నేలలా నిలబడింది.

గురువారం సాయంత్రం చెంగల్రాయుడు ఏదో పని మీద షెడ్డుకు వచ్చాడు. జాకీల మీద లేపిన బండిని, సీటు లేని లోపలి భాగాన్ని చూసి చిన్నగా నవ్వాడు. బామ్మర్ది బండి వద్దన్నందుకు కోపం ఉన్నా మాటల్లో చూపలేదు. ఇంత ముసలి బండితో ట్రాక్ ఏమిటన్నాడు.

"రేపు పొద్దున మన ఆడోళ్ళకి గూడా రేసులు నేర్పిస్తావా ఏమి?" అని బాలచంద్ర వైపు చూసి నవ్వాడు. బాలచంద్ర నవ్వలేదు. స్పానరు తీసుకుని బండి కిందికి దూరాడు.

*

ఆ ఆదివారం ట్రాక్‌లో ఆమెను కొత్తవాళ్ళ గుంపులో వేశారు. బండిలోంచి స్టెప్నీ, మ్యాట్లు, నీళ్ళ సీసా, అన్నీ దించమన్నారు. బ్యాటరీ కదిపి చూశారు, చక్రాల నట్లు చూశారు. పసుపు జెండా అంటే నెమ్మదించాలి, ఎర్రది అంటే ఆగాలి, నీలం చూపిస్తే వెనక వేగంగా వచ్చేవాడికి దారి ఇవ్వాలి. మొదటిసారి లోపల తిరిగిన పదిహేను నిమిషాల్లో లోహితకు నీలం జెండా తప్ప ఇంకేమీ కనిపించలేదు. అందరూ ఆమెను దాటిపోయారు. కాలేజీ పిల్లలు దాటిపోయారు, బట్టతల పెద్దాయన దాటిపోయాడు. బాలచంద్ర పాతవాళ్ళ గుంపులో ఉన్నాడు. గుంపు మొత్తంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఎండలో హెల్మెట్ తీసేసరికి జుట్టంతా తడిసి ముఖానికి అంటుకుంది. ఎవరూ వెక్కిరించలేదు. ఎవరూ ఆమెను పట్టించుకోనూ లేదు.

రెండోసారి అక్కడి కోచ్ ఒకాయన పక్కన కూర్చున్నాడు. అరవై దాటిన తమిళాయన, తెల్లటి మీసాలు. రెండు రౌండ్లు మాట్లాడకుండా చూశాడు. మూడో రౌండులో, మలుపుకు ఇంకా చాలా దూరముండగానే ఆమె కాలు బ్రేకు మీదికి పోవడం చూసి, మీరు ఏం పని చేస్తారని తమిళంలో అడిగాడు. చెప్పింది. ఆయన గట్టిగా నవ్వాడు. మీరు బండి నడపడం లేదు, పక్కన కూర్చుని నాకు నేర్పిస్తున్నారు, అన్నాడు. ఎవరో తప్పు చేస్తారని ముందే బ్రేకు వేస్తున్నారు. ఇక్కడ తోలేది మీరే. బానెట్ చూడడం మానండి, మలుపు అవతలికి చూడండి, కళ్ళు ఎటు పోతే బండి అటే వస్తుంది.

లోహితకు ఆ మాట సిగ్గుగా తగిలింది. తప్పు చేసేది తనే అయితే, ఇన్నేళ్ళూ ఆ తప్పు పక్క సీటువాళ్ళదని ఎట్లా అనుకుంది?

నాలుగోసారి ఒంటరిగా పోయింది. పొడవైన దారిలో నాలుగో గేరు, సూది నూట పది దాటింది. మలుపు దగ్గరపడింది. పాదం లేవబోయింది; ఆమె పళ్ళు బిగించి దాన్ని అక్కడే ఉంచింది. ఇంకొంచెం. ఇంకొంచెం. అప్పుడు బ్రేకు గట్టిగా, ఒకేసారి. బండి ముక్కు వంచింది, టైర్లు కీచుమన్నాయి, ఆమె చూపు మలుపు అవతలి గడ్డి మీద ఉంది, బండి ఆ చూపు వెనకే వచ్చి నిలబడింది. ఒక్క మలుపే. తర్వాతి మలుపులో తొందరపడి రోడ్డంచు మట్టిలోకి పోయి దుమ్ము లేపింది. అయినా చివరి రౌండులో ఒక కాలేజీ పిల్లవాడు నీలం జెండా చూసి ఆమెకు దారి ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో రాణిపేట దాటేదాకా ఆమె ప్రతి మలుపులోనూ అవతలి అంచుకే చూస్తూ తోలింది.

*

సోమవారం ఫ్లైఓవర్ కిందికి రాగానే భారతమ్మ ఇండికేటర్ వేసింది.

"అది తీసెయ్యక్కా," అనింది లోహిత.

భారతమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"నేరుగా పో. మూడో గేరు వెయ్యి. ఎక్కేటప్పుడు భయపడి నిలిపేస్తే వెనక లారీవాడు మన మీదికొస్తాడు. ఎక్కేదాకా తొక్కుతానే ఉండాల."

భారతమ్మ ఎక్కింది. మెడ బిగుసుకుపోయింది, స్టీరింగ్ మీద వేళ్ళు తెల్లబడ్డాయి. గుజ్జు ఫ్యాక్టరీకి పోతున్న లారీ ఒకటి బండి ఊగేలా పక్కనుంచి దూసుకుపోయింది. మామిడి వాసన లోపలికి కొట్టింది. బానెట్ వైపు కాదు, రోడ్డు చివరికి చూడమంది లోహిత. సూది నలభై, యాభై, అరవై. నాలుగో గేరు పడ్డాక ఇంజిను నెమ్మదించి హాయిగా కూనిరాగం తీసింది. భారతమ్మ భుజాలు కొంచెం కిందికి దిగాయి.

ముందర టీ అంగడి దగ్గర ఆగి ఉన్న మునిప్రసాద్ ఈ బండిని చూశాడు. రెండు నిమిషాలకు లోహిత ఫోను మోగింది. చెంగల్రాయుడు.

"బైపాస్ మీద ఉండామన్నా. క్లాసు నడస్తా ఉండాది," అని చెప్పి పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి అతను గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తర్వాతి క్లాసు కోసం బ్యాంకులో పనిచేసే రేవతి, నర్సు రూతు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మునిప్రసాద్ ఈ బండికంటే ముందే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెంగల్రాయుడు లోహితను చూడకుండా భారతమ్మ వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు. దిగమని, తాళం మునిప్రసాద్‌కి ఇవ్వమని అన్నాడు.

భారతమ్మ దిగలేదు. తాళం మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"నా క్లాసు ఇంకా పది నిమిసాలుండాది సామీ. దిగను. బైపాస్ మూడు దినాలని రాసిచ్చినావు. ఒక దినమైంది. ఇంక రెండుండాయి." బెంచీ వైపు తల తిప్పింది. "మీకెన్ని దినాలు రాసిచ్చినాడమ్మా?"

రేవతి బ్యాగులోంచి పచ్చ కార్డు తీసి చదువుకుంది. దాన్ని రూతుకు అందించింది. రూతు తన కార్డు తీసి పక్కన పెట్టి చూసుకుంది.

"ఈ దినంతో నాకు పదైదూ అయిపోతాయన్నా," అనింది రూతు. ఆమె గొంతు చాలా మెత్తన. "బైపాస్ యాడ?"

చెంగల్రాయుడు మునిప్రసాద్ వైపు చూసి, వీళ్ళను నువ్వు తీసుకుపో అన్నాడు. మునిప్రసాద్ గోడ మీది సున్నం గోటితో గీకుతూ, తనకు పదకొండింటికి వేరే క్లాసు ఉందన్నాడు. పదకొండింటికి ఎవరూ లేరని అక్కడ అందరికీ తెలుసు.

"ఏమన్నా అయితే ఎవురు పూచీ?" అని చెంగల్రాయుడు ఇప్పుడు లోహితను అడిగాడు.

"ఆరేండ్లుగా నేనే గదన్నా. నా కాళ్ళ కింద ఆ బ్రేకు పెట్టించింది నువ్వే."

"రేపట్నుంచి రావద్దంటే ఏం చేస్తావు?"

ఇంటికి వచ్చేది ఆమె జీతమొక్కటే. అయినా బెంచీ వైపు చెయ్యి చూపించింది.

"రాను. కార్డులు మాత్రం వీళ్ళ చేతుల్లోనే ఉంటాయి. నువ్వే జవాబు చెప్పుకోవాల."

చెంగల్రాయుడు ఆ రెండు పచ్చ కార్డుల వైపు, తర్వాత రోడ్డు మీద పోతూ ఆగి చూస్తున్న ఇద్దరు ముగ్గురి వైపు చూశాడు. తిరిగి ఆఫీసు గదిలోకి పోయాడు. లోపల కుర్చీ జరిపిన శబ్దం. అరలు తెరిచి మూసిన శబ్దం. కాసేపటికి, బయటికి రాకుండానే, విసుగ్గా అరిచాడు.

"పెట్రోలు తక్కువుండాది. పట్టించుకోని పోండి."

లోహిత వెనక తలుపు తెరిచింది. రేవతి ఎక్కింది. రూతు ఒక్క క్షణం తటపటాయించి, ఆమె పక్కన ఎక్కింది.

సాయంత్రం పని ముగించుకుని లోహిత తన బండి దగ్గరికి వచ్చేసరికి భారతమ్మ ఖాళీ గంపలతో అక్కడ నిలబడి ఉంది. ఇయ్యాల బస్సుకు పోనంది. బంగారుపాళ్యం దాకా ఈ బండి తాను తోలుతానని, అక్కడినుంచి పలమనేరు బస్సు పట్టుకుంటానని చెప్పింది. లోహిత తన బండిలో రెండో బ్రేకు లేదని, వెనక సీటు కూడా లేదని చెప్పింది. భారతమ్మకు అది తెలుసు. అంతకుముందే కిటికీలోంచి చూసింది. లోహిత స్కూల్లోంచి రెండు ఎల్ బోర్డులు తెచ్చి ముందూ వెనకా అంటించి, తాళం ఆమె చేతిలో పెట్టింది.

ఇరవై కిలోమీటర్లు. భారతమ్మ యాభై దాటలేదు, ముప్పైకి తగ్గలేదు. బంగారుపాళ్యంలో మామిడి మండీ ముందు, లోహిత ఇంటి సందు ఎదురుగా బండి ఆపేసరికి పలమనేరు బస్సు వచ్చి స్టాండులో నిలబడింది. లోహిత గంపలు దించబోయింది.

"ఉండు," అనింది భారతమ్మ. "ఇంకో బస్సు వస్తాది. నువ్వు రివర్సు నేర్పించినావు గానీ గ్రౌండులో పెట్టిన డబ్బాల మధ్య తప్ప యాడా చేయలేదు. నీ ఇంటి సందులోకి పెట్టి సూపిస్తా."

రివర్సు గేరు వేసింది. తల వెనక్కి తిప్పి, ఒక చెయ్యి పక్క సీటు వీపు మీద వేసుకుని, రోడ్డుకు అడ్డంగా బండి జరపసాగింది. మండీ నుంచి వస్తున్న కాయల లారీ ఒకటి ఆగింది. దాని వెనక ఇంకొకటి, వాటి వెనక రెండు మోటారుసైకిళ్ళు. లారీవాడు పెద్ద హారన్ నొక్కి పట్టాడు. మండీలో కాయలు ఏరుతున్న వాళ్ళు తలలెత్తి చూశారు. సందు మొదట్లో తిరుమలమ్మ చేతిలో చీపురుతో నిలబడిపోయింది. లోహిత చెయ్యి అలవాటుగా స్టీరింగ్ వైపు పోయింది. భారతమ్మ దాన్ని చూసింది.

"నువ్వు సేయి తియ్యి అమ్మణ్ణీ. వాడు కొట్టుకోనీ," అనింది. "నాకేం తొందర లేదు."

లోహిత చెయ్యి వెనక్కి తీసుకుంది. బండి అంగుళం అంగుళంగా వెనక్కి పోయింది. ఒకసారి గోడకు మరీ దగ్గరైతే భారతమ్మ మళ్ళీ ముందుకు తెచ్చి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. హారన్ మోగుతూనే ఉంది.